మూలకణాలు ఏం తిని పెరుగుతాయి?

మూలకణాలతో వైద్యం అనే మాట మీరు పేపర్లో చదివే ఉంటారు. ఒంట్లో పాడైన చోట కొత్త కణాలను పుట్టించగల కణాలే మూలకణాలు. కొన్ని జబ్బులకు వాటిని ల్యాబులో పెంచి రోగికి అమరుస్తారు. మరి ల్యాబులో అవి ఏం తిని పెరుగుతాయి? ఈ ప్రశ్న మనం మామూలుగా అడగం. కానీ రోగి క్షేమం చాలావరకు దాని మీదే ఉంది.

గాజు పళ్లెంలో కణాలను పెట్టి చక్కెర, లవణాలు, విటమిన్లు కలిపిన ద్రవం పోస్తే చాలదు. ఎదగమని చెప్పే ప్రొటీన్లు, హార్మోన్లు కూడా కావాలి. అవి సీరంలో దొరుకుతాయి. రక్తం గడ్డకట్టాక మిగిలే లేత పసుపు నీరే సీరం. 1950ల నుంచి ల్యాబుల్లో ఎక్కువగా వాడుతున్నది ఆవు పిండం సీరం. చూడి ఆవును కబేళాలో కోసినప్పుడు కడుపులోని పిండం రక్తం నుంచి దాన్ని తీస్తారు. కణాలకు పోసే ద్రవంలో సాధారణంగా పదో వంతు అదే ఉంటుంది.

దీంతో చిక్కులు ఉన్నాయి. ఒకటి, పశువుల వైరస్‌లు, పిచ్చి ఆవు వ్యాధిని కలిగించే ప్రొటీన్లు అందులో ఉండే ప్రమాదం. రెండు, ఒక సీసాలో ఉన్నట్టు ఇంకో సీసాలో ఉండదు, ఫలితమూ మారిపోతుంది. మూడోది 2005లో అమెరికాలోని శాన్ డియెగో శాస్త్రవేత్తలు చూపించారు. పశువుల పదార్థాల మీద పెరిగిన మనిషి మూలకణాలు, మన ఒంట్లో తయారుకాని ఒక రకం చక్కెరను తమ పైపొరలో కలుపుకున్నాయి. దాన్ని పరాయిదిగా గుర్తించే యాంటీబాడీలు మన రక్తంలో ముందే ఉన్నాయి. అంటే మేలు చేయాల్సిన కణాల మీద మన ఒళ్లే దాడి చేయవచ్చు.

మరి పశువుల సీరం లేకుండా కుదురుతుందా? కుదురుతుందని చూపిన చోట్లలో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఒకటి.

కంటి నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర కార్నియా. నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచును లింబస్ అంటారు. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా చేసే మూలకణాలు అక్కడే ఉంటాయి. సున్నమో యాసిడో పడి ఆ అంచు కాలిపోతే, తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలు నల్లగుడ్డు మీదికి పాకి చూపు మసకబారుతుంది. అప్పుడు దాత కార్నియా ఒక్కటే పెట్టినా నిలవదు, పైపొరను నిలబెట్టే కణాలు లేవు కాబట్టి.

అక్కడి డాక్టర్లు ఏం చేశారంటే, రోగి రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీశారు. కాన్పుల్లో లభించే ఉమ్మనీటి సంచి పొరను శుభ్రం చేసి దాని మీద పరిచారు. ఆహారంగా పశువుల సీరం బదులు రోగి సొంత రక్తంలోని సీరమే వాడారు. 10 నుంచి 14 రోజుల్లో కణాలు పలచని పొరలా పరుచుకున్నాక, ఆ పొరను దెబ్బతిన్న కంటికి అమర్చారు. 2001 నుంచి 2010 దాకా చికిత్స పొందిన 200 మంది ఫలితాలను డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం 2011లో ప్రచురించింది. 142 మందికి కంటి పైభాగం నిలకడగా ఉంది. అంటే నూటికి 71 మంది.

2012లో అదే బృందం ఇంకో అడుగు వేసి, ఆ చిన్న ముక్కను మరీ చిన్నవిగా కోసి నేరుగా కంటి మీదే పెంచే పద్ధతిని వివరించింది. దానికి ల్యాబే అక్కర్లేదు.

అయితే అన్ని జబ్బులకూ ఇది సరిపోదు. ఒక మనిషి దగ్గర తీయగల సీరం కొద్దిగానే, అదీ మనిషికీ మనిషికీ వేరు. అందుకే అసలు సీరమే లేని ద్రవాలు వచ్చాయి. 2011లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం, ఏ కణంగానైనా మారగల మూలకణాల కోసం ఎనిమిదే దినుసులతో ఒకటి తయారుచేసింది. పోషక ద్రవం, ఇన్సులిన్, విటమిన్ సి, సెలీనియం, ఇనుమును మోసే ప్రొటీన్, ఎదుగుదలకు రెండు ప్రొటీన్లు, మన వంట సోడా! ఏం వేశామో, ఎంత వేశామో తెలుసు కాబట్టి ఎక్కడ చేసినా ఒకేలా వస్తుంది. కానీ ఒక్కో రకం కణానికి ఒక్కో వంటకం కావాలి, ఆ వెతుకులాట ఇంకా సాగుతోంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. తాంబూలం సున్నం ప్యాకెట్లు నలిపి ఆడుతూ కళ్లు పోగొట్టుకున్న పిల్లలు మన దేశంలో ఎందరో. ఆ ప్యాకెట్లు, డబ్బాలు పిల్లలకు అందనివ్వకండి. పొరపాటున కంట్లో పడితే నలపవద్దు. వెంటనే శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ పావుగంటకు తగ్గకుండా కడగండి, ఆ తరువాత ఆలస్యం చేయకుండా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూలకణాల వైద్యం ఎంత ముందుకెళ్లినా, ఆ మొదటి నిమిషాల్లో పోసిన నీళ్లకు సాటి రాదు.