మామిడి పూతయు లీగు పట్టికయు

మన నూజివీడు ప్రాంతమున మామిడి పూతను చూచి కాపును చెప్పువారు కొందరు గలరు. చెట్టు నిండ పూత వచ్చినప్పుడు గుత్తదారు తోట గట్టుపై నిలిచి, ఇంత కాయ దిగునని అంచనా వేసి, రైతునకు బయానా యిచ్చును. పిమ్మట మంచు పట్టవచ్చును. తేనెమంచు పురుగు పడవచ్చును. ఒక్క గాలివాన వచ్చి కాయ యంతయు నేలపాలు కావచ్చును. పూసిన పూవులలో నూటికొకటియైనను పండు కాదు. ఈ సంగతులన్నియు ఎరిగియు అతడు అంచనా వేయక తప్పదు. ఏలయనగా అతని సొమ్మంతయు ఆ అంచనామీదనే యున్నది.

చెట్లపై పిందెలు పెరుగు దినములలోనే, మార్చి నెలాఖరు ప్రాంతమున, ఇండియన్ ప్రీమియర్ లీగు క్రికెట్ ఆటలు ఆరంభమగుచుండును. రసాలు బజారున నిండునాటికి అవి ముగియును. ఆ రెండు నెలలును మా వసతిగృహపు బాలురు అడుగు ప్రశ్న యొకటే: ఏ జట్టు మొదట నిలుచును, ఏ జట్టు కడపట నిలుచును? ఇందుకు లెక్కల శాస్త్రము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో వివరింప దలచితిమి.

సామాన్యముగా అందరును గత సంవత్సరపు పట్టికను చూచి, దానినే కొంచెము అటు నిటు మార్చి చెప్పుదురు. ఈ పద్ధతి యెంత నమ్మదగినదో హైదరాబాదు జట్టు చరిత్రమే తెలుపును. 2008వ సంవత్సరమున ఈ లీగు మొదలైనప్పుడు జట్లు ఎనిమిది. ఒక్కొక్క జట్టునకు 14 ఆటలు. హైదరాబాదువారి దక్కన్ ఛార్జర్స్ జట్టు రెండు ఆటలు మాత్రమే గెలిచి ఎనిమిదవ స్థానమున నిలిచెను. బెంగుళూరు జట్టు నాలుగు గెలిచి ఏడవదయ్యెను. మరుసటి యేడు మన దేశమున సార్వత్రిక ఎన్నికలుండుటచే ఆటలు దక్షిణాఫ్రికాలో జరిగెను. 2009 మే 24వ తేదీన జొహానెస్‌బర్గులో జరిగిన తుది యాటలో ఎదురెదురుగా నిలిచిన వారెవరు? ముందటి యేడు కడపట నిలిచిన ఆ రెండు జట్లే! దక్కన్ ఛార్జర్స్ ఆరు పరుగుల తేడాతో గెలిచెను. 2008లో పట్టికకు తలమానికమై, లీగునే గెలిచిన రాజస్థాన్ జట్టు ఆరవ స్థానమునకు దిగెను.

ఇట్టిది అమెరికాలోను జరిగినది. అచ్చట బేస్‌బాల్ ఆటయందు జట్లను విభాగములుగా ఏర్పరచి, ఏ విభాగమున ఏ జట్టు ఎన్నవదగునో యేటేట ముందుగా వ్రాయుట పెద్ద వేడుక. 1990లో తమ తమ విభాగములందు కడపట నిలిచిన అట్లాంటా, మిన్నెసోటా జట్లు 1991లో వరల్డ్ సిరీస్ అను తుది పోటీయందు తలపడగా, ఏడవ యాటలో మిన్నెసోటా గెలిచెను.

ఇందుకు మొదటి కారణము అదృష్టము. ఇది ఊరక అను మాట కాదు, లెక్కకు అందునట్టిది. మా విద్యార్థు లొక రూపాయి నాణెమును తీసికొని 14 మారులు ఎగురవేసి, బొమ్మ పడినప్పుడు గెలుపనియు, బొరుసు పడినప్పుడు ఓటమి యనియు వ్రాసికొనవలెను. పదిమంది ఈ పని చేసినచో, సగటున నలుగురికి తొమ్మిదికి తక్కువ కాకుండనో ఐదుకు మించకుండనో బొమ్మలు పడును. నాణెములన్నియు ఒక్కటే, బలాబలములు లేవు. అయినను లీగు పట్టికలో తొమ్మిది గెలుపులకును ఐదు గెలుపులకును గల దూరము సింహాసనమునకును గడపకును గల దూరము వంటిది. బేస్‌బాల్ జట్టునకైతే సంవత్సరమునకు 162 ఆటలు. పదునాలుగింట తొమ్మిది బొమ్మలు ఐదుగురిలో ఒకనికి పడును గాని, అదే పాలున 162 ఎగురవేతలలో 104 బొమ్మలు వేయిమందిలో ఒకనికైనను పడవు. కావున ఆటలు పెరిగినకొలది అదృష్టపు పాలు తగ్గి, బలము బయటపడును. మన లీగు చిన్నది. అందుచే జోస్యము కష్టము.

అట్లని పట్టికలో పసయే లేదనరాదు. పదునాలుగింట రెండే గెలుచుట సమబలము గల జట్టునకు వేయింట ఆరేడు మారులకన్న జరుగదు. 2008నాటి హైదరాబాదు జట్టునకు కొంత లోపము ఉండియే యుండును. ఎంత లోపమన్నదే ప్రశ్న.

ఇందుకు అమెరికా దేశస్థుడగు బిల్ జేమ్స్ అను ఆయన చూపిన మార్గమొకటి గలదు. గెలుపులను ఎంచుట మాని పరుగులను ఎంచుమనెను. జట్టు చేసిన పరుగుల వర్గమును, చేసిన పరుగుల వర్గమును ఇచ్చిన పరుగుల వర్గమును కలుపగా వచ్చిన మొత్తముచే భాగింపగా, అది గెలువదగిన పాలు వచ్చును. 700 చేసి 600 ఇచ్చిన జట్టునకు ఈ పాలు 0.576, అనగా 162 ఆటలలో సుమారు 93 గెలుపులు. అది నిజముగా 85 మాత్రమే గెలిచియున్నచో, స్వల్పపు తేడాలతో ఓడినదనియు, మరుసటి యేడు మెరుగుపడు వీలు గలదనియు ఊహింపవచ్చును. వర్గములుండుటచే దీనికి పైథాగరస్ పేరు పెట్టిరి. తొమ్మిదవ తరగతివారికి ఆ పేరు వినగానే కలుగు భయము ఇచ్చట అక్కరలేదు.

క్రికెట్టులో రెండవసారి ఆడు జట్టు లక్ష్యము దాటగానే ఆట ముగియును గనుక పరుగుల మొత్తము సరిపోదు. ఓవరుకు చేసిన పరుగులనుండి ఓవరుకు ఇచ్చిన పరుగులను తీసివేయగా వచ్చు నెట్ రన్ రేటును చూడవలెను. పట్టికలో కడపటి గడియందుండు ఆ చిన్న అంకెను బాలురు సాధారణముగా చూడరు. మేము మొదట దానినే చూతుము. 2008లో ఎనిమిదవదైన దక్కన్ జట్టు నెట్ రన్ రేటు ఏడవదైన బెంగుళూరు జట్టుకన్న చాల మెరుగు. 2023లోను అట్లే జరిగెను. సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టు పది జట్లలో పదవదయ్యెను గాని, దాని నెట్ రన్ రేటు తొమ్మిదవదైన ఢిల్లీ జట్టుకన్న మేలు. 2024లో ఆ జట్టు రెండవ స్థానమునకెక్కి తుది యాట వరకు పోయెను. అది అంకె యొక్కటి తెచ్చిన ఫలము కాదు. ప్యాట్ కమిన్స్, ట్రావిస్ హెడ్ అను ఆస్ట్రేలియా ఆటగాండ్రు కొత్తగా వచ్చి చేరిరి.

పై జట్టు దిగుట, దిగువ జట్టు ఎక్కుట చూచి, ఇది మామిడిలో కాపు ఏడు, కాపులేని ఏడు వంటిదని మా బాలు డొకడనెను. పోలిక బాగున్నది గాని సరికాదు. చెట్టు ఒక యేడు విరగకాచి తన సత్తువను వెచ్చించుటచే మరుసటి యేడు పూయదు. అందుకు కారణము చెట్టులోనే యున్నది. జట్టు అలసి దిగుట లేదు. నిరుడు దానికి కలిసివచ్చిన అదృష్టము ఈ యేడు రాకపోవుటయే దిగుటకు ముఖ్య కారణము. కావున జోస్యము చెప్పువాడు ప్రతి జట్టును నిరుటి స్థానమునుండి కొంత నడుమకు లాగి, పిదప ఆటగాండ్ర రాకపోకలను చేర్చవలెను. రాజస్థాన్ జట్టు 2008లో నెట్ రన్ రేటునందును మొదటిదే. అంకె దానిని రక్షింపలేదు. ఆ యేడు అందరికన్న ఎక్కువ వికెట్లు తీసిన సొహైల్ తన్వీర్ పాకిస్తాన్ వాడగుటచే 2009లో రాలేదు.

ఇంత చేసియు మనము చెప్పగలిగినది స్థానము కాదు, హద్దులు. ఈ జట్టు మూడింటికిని ఏడింటికిని నడుమ నుండుననుట నిజాయితి గల జోస్యము. ఖచ్చితముగా చెప్పెదము, సొమ్ము పెట్టుడని సెల్ ఫోనులలో పిలుచువారి మాట వేరు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము 2020లో సవరింపబడి అట్టి పందెములకును వర్తించినది. తల్లిదండ్రులు దీనిని గమనింతురు గాక.

2025లో లీగు మొదలుకాగానే మా తరగతివారిచే పది జట్ల వరుసను కాగితములపై వ్రాయించి పెట్టెలో ఉంచితిమి. సన్‌రైజర్స్ తమ మొదటి యాటలోనే 286 పరుగులు చేసియుండుటచే, ఎక్కువమంది ఆ జట్టును మొదట వ్రాసిరి. తరువాత నది వరుసగా నాలుగు ఆటలు ఓడి, తుదకు ఆరవదయ్యెను. ఐదు మారులు లీగును గెలిచిన చెన్నై జట్టు మొట్టమొదటిసారిగా పట్టికలో అట్టడుగున పడెను. జూన్ నెలలో పెట్టె తెరచి చూడగా, చెన్నైని పదవ స్థానమున వ్రాసిన కాగితము ఒక్కటియు లేదు; మాదియు అందు చేరియున్నది.