ఇంటి బడికి ఏ పుస్తకాలు?

పిల్లవాడికి చదువు ఎక్కడంలేదని బాధపడే తల్లిదండ్రులకు సలహాలు చెప్పేవారు వీధికి పదిమంది వుంటారు. పిల్లకు చదువు చాలడంలేదని బాధపడేవారికి మాత్రం ఎవరూ దొరకరు. “అదృష్టవంతులు, మీకేమిటి లోటు?” అని నవ్వి వెళ్ళిపోతారు. ఆ బాధ ఎటువంటిదో మా చెల్లెలి ఇంట దగ్గరగా చూచాను గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇటువంటి పిల్లలున్న ఇళ్ళు ఇంకా కొన్ని వుండకపోవు.

చెల్లెలి కాపురం సుండిపెంటలో. శ్రీశైలం ఆనకట్ట కట్టే రోజుల్లో పనివారికోసం, ఇంజనీర్లకోసం లేచిన కాలనీ అది. చుట్టూ నల్లమల, పక్కన కృష్ణ. మా బావకు కుడిగట్టు విద్యుత్కేంద్రంలో ఉద్యోగం. 2022లో జిల్లాలు మారి ఆ వూరు నంద్యాల జిల్లాలోకి వచ్చిందిగాని అక్కడివారి నోట ఇంకా కర్నూలు మాటే వినిపిస్తుంది. మంచి పుస్తకాల షాపుకు పోవాలంటే ఘాటు రోడ్డు దిగి ఒక పూట ప్రయాణం చెయ్యాలి. రాత్రివేళ ఆ అడవి దారిలో వాహనాలను వదలరు. పులుల రాజ్యం మరి.

వాళ్ళకు ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్ళది. బడి తెరిచి కొత్త పుస్తకాలిస్తే నెల తిరక్కుండా అన్నీ చివరి అట్టదాకా చదివేసింది. ఆపైన తరగతిలో అడిగిన ప్రతి ప్రశ్నకూ చెయ్యెత్తడం, “నీకు తెలుసులేమ్మా, కూర్చో” అనిపించుకోవడం. ఆ టీచరమ్మనూ పూర్తిగా తప్పుపట్టలేము. వెనుక బెంచీల్లో ఇంకా కూడికలు రానివారు కూర్చున్నారాయె. కొన్నాళ్ళకు పిల్ల చెయ్యెత్తడం మానేసింది. ఇంకా కొన్నాళ్ళకు బడి వేళకు కడుపునొప్పి రాసాగింది. చెల్లెలు భయపడింది ఆ కడుపునొప్పికి కాదు. పొద్దస్తమానం “అదెందుకు, ఇదెందుకు” అని ప్రాణం తీసే పిల్ల ఇంట్లోకూడా ప్రశ్నలడగడం తగ్గించిందే, దానికి.

“అన్నా, దసరా దాటినాక దీన్ని ఇంట్లోనే చదివించుకుంటా. ఏమేం పుస్తకాలు తెప్పించల్లో రాసియ్యి” అన్నది నాతో. ఆమె లెక్కల్లో బి.ఎస్సీ. ప్యాసయింది, ధైర్యం వుండవలసిందే. పక్కనున్న బావ అందుకున్నాడు: “పుస్తకాల మాట తరువాత బావా! రేపు పదో తరగతి సర్టిఫికెట్ ఎవరిస్తారో ముందు అడుగు ఆమెను.”

బావ అడిగినది న్యాయమైన ప్రశ్నే. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆరు మొదలు పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అన్నది. పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అనికూడా అన్నది. ఇంట్లో చదివించుకోవచ్చునని అందులో ఎక్కడా ప్రత్యేకంగా రాయలేదు. అయితే ఆ చట్టమే ఒక తలుపు తెరిచిపెట్టింది: బడి మానిన పిల్లను మళ్ళీ ఎప్పుడు తీసుకువచ్చినా ఆమె వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. అంటే తిరిగివచ్చే దారి మూసుకుపోదు. ఇంకొక దారి జాతీయ సార్వత్రిక విద్యాలయం. 1989లో ఏర్పడిన ఆ సంస్థలో చిన్నపిల్లలకు మూడు మెట్లు వున్నాయి: మూడో తరగతికి, ఐదో తరగతికి, ఎనిమిదో తరగతికి సమానమైనవి. పదో తరగతి పరీక్షకు మాత్రం పద్నాలుగేళ్ళు నిండాలి. పిల్ల చురుకైనది గదా అని తొమ్మిదో ఏట పదో తరగతి రాయించి పత్రికల్లో ఫోటో వేయించే వేడుకకు అక్కడ అవకాశం లేదు. ఆ నిబంధన నాకు చాలా నచ్చింది.

ఈ సంగతులు కాగితం మీద పెట్టి చూపించాక బావ కొంత మెత్తబడ్డాడు. ఒక ఏడాది చూద్దామని, వచ్చే ఏడు బడి తెరిచేనాటికి మళ్ళీ ఆలోచిద్దామని ముగ్గురం ఒప్పుకున్నాము. నాలుగోది పాప. ఆమెను అడిగితే, “బడిలో మధ్యాహ్నం ఆటలకు మాత్రం పోతా” అన్నది. అది కుదరదని తెలిసి కాసేపు ఏడ్చింది. ఆటల లోటు తీర్చడానికి సాయంత్రాలు కాలనీ పిల్లలకు మా చెల్లెలి వాకిలి ధారాదత్తమైంది.

ఇక పుస్తకాలు. మొదట తిరస్కరించిన వాటి సంగతి చెబుతాను. చెల్లెలి దగ్గర అప్పటికే ఒక రంగు రంగుల ప్రకటన వున్నది. ఏడాదికి సరిపడా పాఠాలు, బొమ్మలు, అట్టలు, పరీక్షలు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి ఇంటికి పంపుతారట. ఆ పెట్టె ఖరీదు మా ఇంటి ఆరునెలల అద్దె. అందులో చెట్లన్నీ ఓకులు, మేపుళ్ళు. కాలాలన్నీ మంచు కురిసే కాలాలు. నల్లమలలో పుట్టిన పిల్లకు ఇప్పచెట్టు, నల్లమద్ది పేరు తెలియకముందే మేపుల్ ఆకు గీయించడం ఎందుకు? ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు కంప్యూటరులో ఉచితంగా దొరుకుతున్నాయి. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ చిన్న తరగతుల పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా వచ్చాయి. వీటిని చాలామంది ఎగతాళి చేశారుగాని ఇంటి చదువుకు ఇంతకంటె సౌకర్యం లేదు. పాఠం తెలుగులో అర్థం చేసుకొని అదే పాఠం ఇంగ్లీషులో ఎలా వున్నదో పిల్ల తానే పోల్చి చూచుకుంటుంది. డిక్షనరీ చూడడంకూడా అక్కడే అలవాటయింది. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ ఈ పనికి అక్కరకు వస్తున్నదంటే ఆయన శ్రమకు నమస్కరించాలి.

బావ ఉత్సాహంగా, “వ్యాకరణానికి బాలవ్యాకరణం వుంది గదా!” అన్నాడు. పేరులో ‘బాల’ అని వున్నంతమాత్రాన పిల్లలది కాదు. చిన్నయసూరిగారు 1858లో ప్రకటించిన ఆ సూత్రాలతో మా ఎం.ఏ. విద్యార్థులే కుస్తీపడుతుంటారు. ఎనిమిదేళ్ళ పిల్లకు కావలసింది వ్యాకరణం కాదు, వాక్యం. వాక్యం పట్టుబడడానికి పాత ‘చందమామ’ను మించిన గురువును నేనెరుగను. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక కొన్నేళ్ళ క్రిందట ఆగిపోయిందిగాని, అభిమానులు సంచికలు పోగుచేసి దాచారు. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావుగారు దానిని నడిపిన కాలపు కథలు చూడండి: అనవసరమైన మాట ఒక్కటి వుండదు. కథ చదివి మూసేసి, అదే కథను పది వాక్యాల్లో రాయమంటాము. ‘టొట్టొచాన్’ అనే జపాన్ పిల్ల కథ ‘రైలుబడి’ పేరుతో తెలుగులో వున్నది. అది పాపకోసం తెప్పిస్తే మా చెల్లెలు ముందు చదివి, రెండురోజులు ఇవ్వలేదు.

పెద్ద బాలశిక్ష విషయంలో ఇంట్లో రెండు పక్షాలు. అత్తగారు అది లేని ఇల్లు ఇల్లే కాదన్నారు. చెల్లెలు అది పాతచింతకాయ పచ్చడి అన్నది. నేను అత్తగారి పక్షం వహించాను. అయితే వేరే కారణంతో. అరవై సంవత్సరాల పేర్లు, తిథులు, నక్షత్రాలు బట్టీపట్టడం పిల్లలకు ఆటలాంటిది, పట్టనిద్దాము. అసలు బంగారం పాత కొలతల్లో వున్నది. ఐదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు పుట్టి. పదహారణాలు రూపాయి, అణాకు పన్నెండు దమ్మిడీలు. 1957లో నయాపైసలు వచ్చి ఈ లెక్కలన్నీ అటకెక్కాయి. నిజమే. కాని పదితో హెచ్చించడం తప్ప మరొకటి ఎరగని పిల్లకు ఐదుతో, ఎనిమిదితో, ఇరవైతో, పన్నెండుతో మెట్లెక్కడం ఎంత కసరత్తో చూడండి. “అవ్వా, మూడు మణుగుల ఐదు వీశెల బెల్లమంటే ఎన్ని సేర్లు?” అని పాప అడిగింది. నూటనలభై అయిదని అత్తగారు నోటిలెక్కలో చెప్పేశారు. కాగితం మీద చేస్తున్న మా చెల్లెలు ఇంకా రెండో వరుసలో వున్నది.

ఒకే విషయంలో పిల్లను పరుగెత్తించాలా, అన్నిటినీ సమంగా నడిపించాలా అన్నది పెద్ద చిక్కు. రామానుజన్ కథ అందరూ గొప్పగా చెబుతారు. పదహారో ఏట ఆయన చేతికి కార్ అనే ఆంగ్లేయుడు కూర్చిన గణిత సూత్రాల పుస్తకం దొరికింది. దాదాపు ఐదువేల సూత్రాలు, నిరూపణలు అంతంతమాత్రం. నిరూపణలు లేకపోవడమే ఆయనకు మేలయింది, తానే కల్పించుకున్నాడు. ఆ తరువాతి భాగం మాత్రం ఎవరూ చెప్పరు. లెక్కలు తప్ప తక్కినవి పట్టించుకోక కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోయింది, పరీక్ష పోయింది. మన సీమలో ఇందుకు మరొక విధమైన ఉదాహరణ పుట్టపర్తి నారాయణాచార్యులవారు. ఇంట్లో సంస్కృతం, పెనుగొండలో పిట్ దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం, ఇంకా ఎన్నో భాషలు. బాల్యంలో తాను రాసిన ‘పెనుగొండలక్ష్మి’ తరువాత తన విద్వాన్ పరీక్షకే పాఠ్యగ్రంథమై కూర్చున్నది! ఏ సిలబసూ ఊహించని దారులు ఇవి. కనుక చెల్లెలితో ఇలా అన్నాను: పొద్దున రెండుగంటలు నీ ఇష్టం, తరువాత గంట దాని ఇష్టం. నీ రెండుగంటల్లో దానికి నచ్చనివికూడా వుండనీ. దాని గంటలో నువ్వు వేలు పెట్టవద్దు.

ఆ ‘దాని గంట’లోనే చిత్రాలన్నీ జరుగుతున్నాయి. ఒకరోజు శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులంటే ఎక్కడినుంచి కొలిచారని అడిగింది. సముద్రమట్టం నుంచని బావ చెప్పాడు. “ఇక్కడ సముద్రమేది?” అన్నది. ఆ ఒక్క ప్రశ్నకు మూడురోజుల భూగోళం అయింది. ఆనకట్టకు పన్నెండు గేట్లు. కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రాలు ఏడు, ఎడమగట్టు భూగర్భంలో 150 మెగావాట్లవి ఆరు. నాన్న ఉద్యోగంతో ముడిపడిన లెక్కలు గనుక గుణకారం పేరెత్తకుండానే గుణకారం వచ్చింది. ఎడమగట్టు యంత్రాలు వెనక్కు తిరిగి నీళ్ళను మళ్ళీ పైకి తోడతాయని విని, “కరెంటు ఖర్చుపెట్టి నీళ్ళు తోడి, ఆ నీళ్ళతో కరెంటు చేస్తే లాభమేమి?” అన్నది. రాత్రి మిగిలే కరెంటుకు, సాయంత్రం కావలసిన కరెంటుకు విలువలో వున్న తేడాను బావ ఉల్లిగడ్డల బేరంలో పెట్టి చెప్పాడు. ఇది ఏ తరగతి పాఠమో నాకు తెలియదు.

శివరాత్రి రోజులకు నేనూ వెళ్ళాను. ఆలయ ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, శివుని కథలు వరుసగా చెక్కి వున్నాయి. గోడ చుట్టూ నడిచి నాలుగు బొమ్మలు గీసుకున్నది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణంలో యాత్రికులు ఈ కొండకు ఎలా వచ్చారో వర్ణించాడు. దానిని చదివించడం తొందరపాటు. నేనే కథగా చెప్పాను. గుట్టలెక్కి వచ్చే యాత్రికుల వరుసను రోడ్డు మీద కళ్ళారా చూస్తూ విన్నది గనుక ద్విపదలోని తూగుకూడా కొంత చెవికెక్కింది.

చెంచులక్ష్మి మ్యూజియం చూచి వస్తూండగా చెల్లెలు ఒక మాటన్నది: “మన పిల్లను బడి మాన్పించినాం. ఈ చెంచు గూడేల్లో పిల్లను బడికి పంపడానికి తల్లులు ఎంత అవస్థపడుతున్నారో!” ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. డిగ్రీ చదివిన తల్లి, నెల జీతం తెచ్చే తండ్రి, నోటిలెక్క తెలిసిన అవ్వ వున్న ఇంట్లో సాగే పద్ధతి ఇది. దీనిని చూపి బడులు అక్కరలేదనేవారితో నేను ఏకీభవించను. చెల్లెలుకూడా ఏకీభవించదు. ఇప్పుడు సాయంత్రాలు ఆమె వాకిట్లో ఆటలకు వచ్చేవారిలో నలుగురు లెక్కలకుకూడా కూర్చుంటున్నారు. వారికి పాఠం చెప్పే పని పాపది. తనకు సులభంగా వచ్చినది ఎదుటివాడికి ఎందుకు రాదో తెలుసుకోవడం ఆ పిల్లకు ఇంతవరకు దొరికిన అన్నిటికంటె కష్టమైన పాఠం. రెండుసార్లు విసుక్కొని లేచిపోయింది, మూడోసారి చింతగింజలు తెచ్చి కుప్పలు పెట్టి చూపించింది.

కడుపునొప్పి దసరా నుంచి లేదు. జూన్‌లో బడికి పంపాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. బావ పంపుదామంటాడు, చెల్లెలు ఇంకో ఏడాదంటుంది, పాప మాట రోజుకొక తీరు. ఇంట్లో ఎవరికీ జవాబు తెలియని ప్రశ్నలు రాసుకోవడానికి ఆమెకు ఒక నోటుపుస్తకం వేరే వున్నది. ఇప్పటికి నలభైమూడు వచ్చాయట. కొన్ని బావ ఆఫీసుకు తీసుకుపోతాడు, కొన్ని నాకు పంపుతారు. ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు వెళ్ళివచ్చి రాసినది నలభైమూడోది: ఆ గుడిలోనిది వేపదారు లింగమంటారు గదా, ఏడాదిలో సగం కాలం పైగా నీళ్ళలో వుండే కట్టె ఎందుకు కుళ్ళదు? మా కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగారికి ఇచ్చాను. రేపు చెబుతానని ఆయన లైబ్రరీకి వెళ్ళి పదిరోజులైంది.