ఉదయపు ఫలహారము – మితము, వైవిధ్యము

గ్రామ పంచాయతీ సమావేశములలో త్రాగునీరు, వీధిదీపములు, మురుగుకాలువలు, రహదారులు చర్చకు వచ్చుచుండును. ఉదయమున ఇంటింట తినెడి ఫలహారము ఆ చర్చలోనికి వచ్చుట అరుదు. అది ఎవరి ఇంటి విషయము వారిదని తోచుట సహజమే. కాని గ్రామములో చక్కెరవ్యాధి, రక్తపుపోటు, స్థూలకాయము పెరిగినపుడు ఆ భారము ఒక్క ఇంటితో ఆగదు. పంటకు పెట్టవలసిన పైకము మందులకు పోవును. పనిచేయవలసిన మనిషి మంచమెక్కును.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశములో 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో నూటికి 31 మంది ఉండవలసిన దానికంటె అధికమైన బరువు కలిగియున్నారు. అదే సర్వేలో స్త్రీలలో సగము కంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అనగా ఒకే ఊరిలో, ఒక్కొక్కపుడు ఒకే ఇంటిలో, కొవ్వు పెరుగుటయు రక్తము తగ్గుటయు కలిసి జరుగుచున్నవి. కావున తిండి తగ్గించుడని చెప్పుట మాత్రమే చాలదు. ఏది తగ్గించవలెనో, దాని స్థానమున ఏది చేర్చవలెనో తెలియవలెను. ఇందుకు ఉదయపు ఫలహారము మంచి ప్రారంభము.

బ్రాడీపేట పళ్ళెము, పల్లె పళ్ళెము

గుంటూరు నగరములో బ్రాడీపేట ఎరుగని రైతు ఈ ప్రాంతమున అరుదు. సంఖ్యల వరుసతో సాగు లైనులు, వానిని ఖండించు అడ్డరోడ్లు, వానిలో దుకాణములు, వైద్యశాలలు, ఫలహారశాలలు గల పేట అది. దాని చెంతనే యున్న శంకర్ విలాస్ కూడలికి ఒక హోటలు పేరే స్థిరపడినదనిన, ఈ నగర జీవితములో ఫలహారమునకు గల స్థానము బోధపడగలదు. మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన రైతు, బిడ్డను కళాశాలలో చేర్చ వచ్చిన తండ్రి, వైద్యుని చూడ వచ్చిన వృద్ధుడు అచ్చట ఒక పూట ఫలహారము చేయుట పరిపాటి. కారప్పొడి చల్లి నేయి పోసిన ఇడ్లీ, ఉప్మా నింపిన పెసరట్టు, పూరీ కూర, సాయంకాలమున మిరపకాయ బజ్జీ – ఇవి గుంటూరు రుచులు. ఎప్పుడో ఒకనాడు తిన్నచో వానివలన వచ్చు కీడు లేదు. కాని నేడు అదే పళ్ళెము పల్లె సెంటరులోని బండిమీదికి, అచ్చటినుండి ప్రతి దినపు అలవాటులోనికి వచ్చినది.

గుంటూరు, ప్రకాశము మెట్ట ప్రాంతములలో పూర్వము ఉదయపు ఆహారము వేరు. జొన్న, సజ్జ, కొర్ర, వరిగ, రాగి ప్రధాన ధాన్యములు. సంకటి, అంబలి, చద్ది త్రాగి పొలమునకు పోవుట ఆచారము. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడినది. కుడికాలువ క్రింద వేలాది ఎకరములు వరి మాగాణి అయినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. ఆకలి తీర్చిన ఈ మార్పులు మేలుచేసినవే. అయితే వరియన్నము, బియ్యపు పిండి, బొంబాయి రవ్వ మూడు పూటలును ఆక్రమించినవి; జొన్నయు కొర్రయు పళ్ళెమునుండి జారిపోయినవి. అదే కాలమున అరకకు బదులు ట్రాక్టరు, నడకకు బదులు మోటారు సైకిలు వచ్చినవి. తినుట తగ్గలేదు, శ్రమ తగ్గినది. ఖర్చు కాని శక్తి కొవ్వుగా నిలువయుండును.

కేలరీ లెక్క

పొయ్యికి కట్టె యెట్టిదో శరీరమునకు ఆహారము అట్టిది. ఆ ఆహారము ఇచ్చు శక్తిని కొలుచు ప్రమాణమే కేలరీ. పిండిపదార్థము ఒక గ్రాము 4 కేలరీలు, మాంసకృత్తులు ఒక గ్రాము 4 కేలరీలు, నూనెయు నేయియు ఒక గ్రాము 9 కేలరీలు ఇచ్చును. ఇందు చివరి అంకెను మరువరాదు. ఒక చిన్న చెంచా నూనె, అనగా 5 గ్రాములు, 45 కేలరీలు. ఇడ్లీ మీద పోయు పెద్ద చెంచా నేయి 135 కేలరీలు. అది రెండు ఇడ్లీలతో సమానము. గుంటూరు కారప్పొడిలో కేలరీలు స్వల్పమే. దానిపై పోయు నేతిలోనే లెక్క యున్నది.

మన దేశపు ఆహార లెక్కలను తయారుచేయు సంస్థ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. అది 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థ నిర్ణయించిన ప్రకారము కూర్చుండి పనిచేయు 65 కిలోల పురుషునికి దినమునకు 2110 కేలరీలు, 55 కిలోల స్త్రీకి 1660 కేలరీలు చాలును. మధ్యస్థముగా శ్రమించు పురుషునికి 2710, స్త్రీకి 2130 కావలెను. మిక్కిలి బరువైన పని చేయు పురుషునికి 3470 వరకు అవసరము. ఇందులో నాలుగవ వంతు ఉదయమున తిందురనుకొన్నచో, దుకాణములో కూర్చుండు స్త్రీకి సుమారు 415, పొలములో పనిచేయు స్త్రీకి సుమారు 530, మిర్చి బస్తాలు మోయు హమాలీకి సుమారు 870 కేలరీలు తేలును. ఒకే పళ్ళెము ముగ్గురికిని తగదని దీనివలన తెలియుచున్నది. ఫలహారము తగ్గించుకొనవలసినది శ్రమ తగ్గినవారే కాని, మిరప కోతకును ప్రత్తి తీతకును పోవు కూలి స్త్రీ కాదు.

ఇక ఫలహారములను సరిపోల్చుదము. ఒక పూరీలో సుమారు 20 గ్రాముల పిండి, అది పీల్చుకొన్న నూనె కలిసి 100 కేలరీలకు పైబడును. నాలుగు పూరీలు, బంగాళాదుంప కూరతో 500 దాటును. ఒక గారెయు 100కు తక్కువ కాదు. రెండు పెసరట్లు దాదాపు 300. వానిలో ఉప్మా నింపినచో మరి 200కు పైగా చేరును. మూడు ఇడ్లీలు, కూరగాయల సాంబారుతో సుమారు 300. ఆవిరిమీద ఉడుకుటకును నూనెలో వేగుటకును గల భేదము ఇదియే.

వారమునకు ఏడు విధములు

బరువు తగ్గవలసినవారు ప్రతిదినము ఒకే వంటకము తిన్నచో విసుగు కలిగి, నాలుగు దినములలో పాత అలవాటునకు మరలుదురు. అందుచేత వైవిధ్యము ముఖ్యము. క్రిందివి మన ప్రాంతమున దొరకు వస్తువులతో, ఒక్కరికి సుమారు 200 మొదలు 350 కేలరీలలో అమరునవి.

సోమవారము: ఇడ్లీ మూడు. బియ్యపు రవ్వలో సగమునకు బదులు జొన్నరవ్వ కలుపవచ్చును. ములగ, సొర, వంకాయ వేసిన సాంబారు గిన్నెడు. వేరుశనగ పచ్చడి రెండు చెంచాలకు మించరాదు. వేరుశనగ బలకరమైనదే కాని 100 గ్రాములలో 560 కేలరీలకు పైగా కలవు.

మంగళవారము: పొట్టుతో నానిన పెసలు 60 గ్రాములతో రెండు పెసరట్లు. ఒక్కొక్క దానికి ఒక చెంచా నూనె. పైన ఉల్లి, అల్లము, పచ్చిమిరప. ఉప్మా వేరొక దినమునకు ఉంచుకొనవలెను.

బుధవారము: రాగిజావ. 30 గ్రాముల పిండి కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి త్రాగవలెను. బెల్లము వలదు. ఒక ఉడికిన గ్రుడ్డు గాని, పిడికెడు ఉడికిన శనగలు గాని తోడైనచో ఆకలి త్వరగా వేయదు. రాగిలో సున్నము, అనగా కాల్షియము, బియ్యములోకంటె ఎన్నో రెట్లు హెచ్చు.

గురువారము: కొర్ర ఉప్మా. కొర్రబియ్యము 50 గ్రాములు, అంతకు రెట్టింపు కూరగాయ ముక్కలు, ఒక చెంచా నూనెతో తాలింపు.

శుక్రవారము: జొన్నరొట్టెలు రెండు, తోటకూర పప్పు గాని గోంగూర పప్పు గాని. గోంగూర పచ్చడికంటె పప్పులో నూనెయు ఉప్పును తక్కువ.

శనివారము: అలసందల గుగ్గిళ్ళు గాని శనగల గుగ్గిళ్ళు గాని ఒక గిన్నె, ఒక జామపండు, ఒక గ్లాసు మజ్జిగ. పొయ్యిముందు ఎక్కువసేపు నిలువ నక్కరలేని ఫలహారము ఇది.

ఆదివారము: రాత్రి మిగిలిన అన్నములో పెరుగు తోడువేసి ఉదయమున ఉల్లిపాయతో తిను చద్దన్నము. పరిమాణము ఒక గిన్నెకు మించరాదు. వేసవిలో చెడువాసన గాని జిగురు గాని వచ్చినదానిని తినరాదు.

పూరీపై మనసు గలవారు దానిని పూర్తిగా విడువ నక్కరలేదు. పండుగనాడు రెండు పూరీలు, ఎక్కువ కూర తినవచ్చును.

కొన్ని అపోహలు, కొన్ని జాగ్రత్తలు

చిరుధాన్యములలో కేలరీలు ఉండవని కొందరు తలచుచున్నారు. ఇది సరికాదు. బియ్యమైనను, కొర్రయైనను, జొన్నయైనను 100 గ్రాములు దాదాపు 330 మొదలు 350 కేలరీలే. వాని మేలు పీచులోను ఖనిజ లవణములలోను కలదు. పీచు వలన కడుపు నిండినట్లుండి, తక్కువ తిని తృప్తిపడుట సులభమగును. పరిమాణము చూడక తిన్నచో కొర్రయన్నము కూడ కొవ్వుగానే మారును. చక్కెరవ్యాధి గలవారు పలుచని జావకంటె గింజరూపమున గాని రొట్టెగా గాని తినుట మేలు. జావ త్వరగా జీర్ణమై రక్తములోని చక్కెరను వేగముగా పెంచును.

ఫలహారము మానినచో బరువు తగ్గుననుటయు అపోహయే. ఉదయము మాని, మధ్యాహ్నము రెట్టింపు తిన్నందువలన లాభము లేదు. చక్కెరవ్యాధికి మందు గాని ఇన్సులిను గాని వాడువారు వైద్యుని అడుగక పూట మానుట ప్రమాదకరము. గర్భిణులకు, బాలింతలకు, ఎదుగు పిల్లలకు కేలరీలు తగ్గించు ప్రయత్నము చేయరాదు.

ఫలహారముతోపాటు టీ త్రాగు అలవాటు రక్తహీనత గల స్త్రీలకు చెరుపు. టీ ఆహారములోని ఇనుమును శరీరమునకు అందనీయదు. దానికి ఒక గంట ఎడము ఉంచి, ఫలహారముపై నిమ్మరసము పిండుకొన్నచో ఇనుము చక్కగా ఒంటబట్టును. రెండు చెంచాల పంచదార వేసిన టీ దినమునకు నాలుగు సారులు త్రాగినవారు పంచదార రూపముననే 160 కేలరీలు మ్రింగుచున్నారు. ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదు. ఆవకాయ, కారప్పొడి, పచ్చళ్ళు సమృద్ధిగా నుండు మన ఇండ్లలో ఈ హద్దు సులభముగా దాటిపోవును.

పంచాయతీ చేయదగిన పని

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానివలన చేరిన 11వ షెడ్యూలులోని 29 అంశములలో ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము కూడ కలవు. కావున ఈ విషయము పంచాయతీ పరిధికి వెలుపలిది కాదు. పెద్ద వ్యయము లేక చేయదగిన పనులు కొన్ని కలవు.

మొదటిది కొలత. ఆశా కార్యకర్త సహాయముతో గ్రామములోని పెద్దలందరి నడుము కొలత వ్రాయించవలెను. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో ఆరోగ్య కేంద్రమునకు పంపి చక్కెర, రక్తపుపోటు పరీక్షలు చేయించవలెను. ఇందుకు కావలసినది ఒక టేపు మాత్రమే.

రెండవది సెంటరులోని ఫలహారపు బండ్లు. అవి పలువురికి జీవనాధారము. వారిని నిందించుట తగదు. ప్రతి దినము ఆవిరి వంటకము గాని, పప్పుధాన్యముల వంటకము గాని ఒకటి తప్పక పెట్టుడని, నల్లబడిన నూనెను మరల మరల కాచవలదని నచ్చజెప్పవలెను. బజ్జీ కొనువానికి ప్రక్కనే గుగ్గిళ్ళు కనబడినచో కొందరైనను అటు చేయి చాపుదురు.

మూడవది పెరటి పంట. పంచాయతీ, పాఠశాల, అంగన్‌వాడీ స్థలములలో ములగ, కరివేప, నిమ్మ, జామ నాటించవచ్చును. వరి కోసిన మాగాణులలో మినుము, పెసర. ప్రకాశములో శనగ, కంది పండుచునే యున్నవి. ఇంటి వాడుకకు కొంత నిలువ చేసికొని మిగిలినది అమ్ముడని రైతులకు చెప్పవలెను.

నాలుగవది పంచాయతీ సమావేశపు ఫలహారమే. బజ్జీ, మిఠాయి, పంచదార టీలకు బదులు గుగ్గిళ్ళు, మజ్జిగ, జామపండు పెట్టించినచో ఆ మాట ఒక్క దినములో ఊరంతయు ప్రాకును. ఉపన్యాసముకంటె సభ్యుల పళ్ళెము ఎక్కువ బోధించును.

చివరకు గృహములోని ఒక అన్యాయమును కూడ గమనింపవలెను. పెక్కు ఇండ్లలో ఇల్లాలు అందరికి వడ్డించి, మిగిలినది తినును. మిగులని దినమున టీతో సరిపెట్టుకొనును. కేలరీల లెక్క పేరిట ఆమె పళ్ళెము మరింత చిన్నది కారాదు. పూరీలను తగ్గించుకొనవలసినవారు తగ్గించుకొందురుగాక. పెసరట్టు, ఆకుకూర, గ్రుడ్డు ఆమెకు కూడ వేడిగా అందవలెను. ఇంటిల్లిపాదియు ఒకేసారి కూర్చుండి తిను ఆచారమును సభ్యులు తమ ఇండ్లనుండియే ఆరంభించుట ఉచితము.