నులక మంచమంత గాలి

అనంతపురం వైపు పెళ్ళికి పోయొచ్చిన దగ్గర్నుంచీ నువ్వు ఒకటే అడుగుతున్నావు బిడ్డా. రామగిరి కొండల మీద అన్ని గాలిమరలు తిరుగుతుంటే మన మరిపెడలో ఒక్కటీ లేదేం తాతా, అని. రా, ఈ అరుగు మీద కూర్చో. జవాబు కల్లం నుంచి మొదలుపెట్టాలి.

నా చిన్నతనంలో వడ్లు తూర్పారబట్టే యంత్రాలు లేవు. మా నాయిన ఎత్తున నిలబడి చాటలోంచి వడ్లు మెల్లగా జారవిడిచేవాడు. గట్టి గింజ కాళ్ళ దగ్గర పడేది, తాలు దూరంగా కొట్టుకుపోయేది. గాలి పడిపోతే పనీ ఆగిపోయేది, అందరం కల్లంలోనే దాని కోసం కాచుకునేవాళ్ళం. గాలి కాస్త జోరందుకుందంటే మాత్రం నాయిన చాట దించేసేవాడు. అప్పుడు తాలుతో పాటు గింజ కూడా కొట్టుకుపోతుంది మరి. గాలి పెరిగింది కొంచెమే, తోపు పెరిగింది చాలా. ఎందుకలా?

పారే నీళ్ళకైనా, వీచే గాలికైనా వేగమే ప్రాణం. మామూలు రోజుల్లో మెత్తగా పారే ఆకేరు వాగు, 2024 సెప్టెంబరు మొదటి రోజున పురుషోత్తమాయగూడెం వంతెన దగ్గర ఎలా విరుచుకుపడిందో మన ఊరు మరిచిపోదు. గాలి వేగం రెట్టింపైతే ప్రతి గుక్కెడు గాలిలోనూ శక్తి నాలుగు రెట్లవుతుంది. అదే క్షణంలో వచ్చి పడే గాలి కూడా రెండింతలు. నాలుగు రెళ్ళు ఎనిమిది. వేగం రెండింతలు, శక్తి ఎనిమిదింతలు. గాలి కరెంటు కథంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

మన నులక మంచాన్ని గాలికి ఎదురుగా నిలబెట్టామనుకో. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు. గాలి సెకనుకు 3 మీటర్లు వీస్తే ఆ మంచమంత జాగాలోంచి పోయే గాలిలో 32 వాట్ల శక్తి ఉంటుంది. మంచి మర అందులో మూడో వంతుకు కాస్త పైగా పట్టుకుంటుంది, అంటే ఒక ఎల్‌ఈడీ బల్బు వెలుగుతుంది. గాలి 6 మీటర్లయితే 90 వాట్లు దక్కుతాయి, ఒక సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంది. 12 మీటర్లయితే 720 వాట్ల పైచిలుకు, ఇంచుమించు ఒక హార్స్‌పవర్ మోటరు. మంచం అదే, మర అదే.

మొత్తం శక్తినీ ఎందుకు పట్టుకోకూడదంటావా? పట్టేస్తే గాలి మర వెనకాలే ఆగిపోయి, వచ్చే గాలికి దారి మూస్తుంది. మరిపెడ బంగ్లా దగ్గర బస్సు దిగినవాళ్ళు తలుపు దగ్గరే నిలబడిపోతే వెనకవాళ్ళు దిగలేరు చూడు, అలాగన్నమాట. 59 శాతానికి మించి ఏ మరా పట్టలేదని 1919లో ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్కగట్టాడు.

ఇక ఎత్తు సంగతి. ఆకేరులో ఒడ్డు వెంబడి నీళ్ళు నెమ్మది, నడి వాగులో జోరు. గాలికి నేలే ఒడ్డు. ఇళ్ళూ చెట్లూ దాన్ని పట్టి లాగుతుంటాయి. 10 మీటర్ల ఎత్తున 3 మీటర్లు వీచే గాలి, చదునైన చోట 100 మీటర్ల పైన 4 దాటుతుంది. శక్తి రెండున్నర రెట్లకు మించి పెరుగుతుంది. అందుకే మన ఊళ్ళో ఎవరైనా మేడ మీద చిన్న మర పెట్టుకుంటానంటే నేను వద్దనే అంటాను. పక్క మేడలు తాకి సుడి తిరిగే గాలి రెక్కల్ని ఊపుతుందే గాని కరెంటు అంతగా ఇవ్వదు. ఆ డబ్బుతో సోలార్ పలకలు పెట్టుకోవడం మేలు.

మరి రామగిరికి ఆ గాలెక్కడిది? నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీంచి వచ్చి, పడమటి కనుమలు దాటి, రాయలసీమ కొండల మీద బలంగా వీస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు వేల మెగావాట్లకు పైగా గాలిమరలున్నాయి. మన తెలంగాణలో సుమారు 128 మెగావాట్లే, అందులో వంద దాకా పరిగి వైపే. అది పడమటి ఎత్తు నేల. మనది ఆకేరు మున్నేరులోకి, మున్నేరు కృష్ణలోకి దిగిపోయే పల్లపు నేల.

అయితే మనకు గాలి కరెంటు లేనట్టేనా? ఇక్కడ నీకు రెండు ఊళ్ళ సంగతి చెప్పాలి.

1887లో స్కాట్లండ్‌లోని మేరీకిర్క్ అనే పల్లెలో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసరు తన పెరట్లో గుడ్డ తెరచాపల గాలిమర కట్టాడు. దానితో బ్యాటరీలు నింపి ఇంట్లో దీపాలు వెలిగించాడు. మిగిలిన కరెంటుతో ఊరి వీధికి దీపాలు పెడతానంటే, ఇది దయ్యం పని, మాకొద్దన్నారు ఊరివాళ్ళు.

గాలి కరెంటు కావాలనుకున్న రెండో ఊరు తమిళనాడులో, మేట్టుపాళయం దగ్గరి ఓడంతురై పంచాయతీ. వీధి దీపాల, నీళ్ళ మోటర్ల బిల్లు ఏటేటా మీద పడుతుంటే, 2006లో బ్యాంకు అప్పుకు తమ పొదుపు కలిపి, 1.55 కోట్ల రూపాయలతో 350 కిలోవాట్ల గాలిమర కొన్నారు. దాన్ని తమ ఊళ్ళో పెట్టలేదు. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరాన, ఉడుమలైపేట దగ్గర మైవాడిలో పెట్టారు. పాలక్కాడ్ కనుమ గుండా గాలి దూసుకొచ్చే చోటు అది. ఏటా సుమారు 6.75 లక్షల యూనిట్లు పండితే, ఊరి ఖర్చు 4.5 లక్షలు. మిగతాది విద్యుత్ బోర్డుకు అమ్మారు. ఖమ్మంలో బ్యాంకులో వేసిన డబ్బు మరిపెడలో తీసుకోవడం లేదూ? కరెంటూ అంతే. అక్కడ తీగలో పోసిన యూనిట్లు ఇక్కడి బిల్లులో తగ్గుతాయి, తీగ వాడుకున్నందుకు కొంత రుసుము కట్టాలి.

మన మరిపెడ ఇప్పుడు మున్సిపాలిటీ. మన వీధి దీపాల గాలి ఎక్కడో పడమటి గుట్టల మీద వీస్తూ ఉండొచ్చు. పైగా మబ్బులు కమ్మి సోలార్ నీరసించే ఆషాఢ శ్రావణాల్లోనే ఆ గాలికి బలమెక్కువ. నలుగురం కూర్చుని లెక్కలు వేసుకోవాల్సిన మాట ఇది, నేనైతే వార్డు మీటింగులో అడగబోతున్నాను.

ఈలోగా మన గాలిని మనమూ కొలుద్దాం. వాకిట్లో వేపచెట్టు చాలు. ఆకులు మాత్రమే గలగలమంటే 2, 3 మీటర్లు. సన్న రెమ్మలు ఆగకుండా ఊగితే 4, 5. దుమ్మూ కాగితాలూ లేచి చిన్న కొమ్మలు కదిలితే 6, 7. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి రాసిపెట్టు. అదిగో, చూడు, రెమ్మలు ఊగుతున్నాయి. టైమెంతయింది? రాసెయ్.