దరఖాస్తులో మన గడి ఏది?

జూన్ నెల వచ్చిందంటే ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం వరండాలో నిలబడేవారి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు కనిపిస్తాయి. ఇంటర్ మెమో, ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, ఒక్కోసారి మేమే సంతకం చేసి ఇచ్చిన బాప్తిస్మ పత్రం కూడా వాటిలో ఉంటాయి. పోయిన ఏడాది ఒక సహోదరి అడిగింది: "అయ్యగారూ, బిడ్డకు సీటొచ్చింది. స్కాలర్‌షిప్ ఫారంల మేము ఏమని పెట్టాలె? ఎస్సీనా, బీసీనా, మైనారిటీనా?" మేము ఆ పూట జవాబు చెప్పలేకపోయాం. సెమినరీలో మాకు గ్రీకు క్రియలు నేర్పారు గాని ఈ-పాస్ నేర్పలేదు. తరువాత మీసేవ కేంద్రంలోనూ కలెక్టరేట్ మెట్ల మీదా తిరిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

పదో తరగతి దాటిన పిల్లల చదువుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సహాయం రెండు భాగాలు. కళాశాలకు కట్టే ట్యూషన్ ఫీజు ఒకటి, విద్యార్థి ఖర్చులకిచ్చే ఉపకార వేతనం రెండోది. ఫీజు రీయింబర్స్‌మెంట్ అని మనం పిలిచేది మొదటిదాన్ని. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుండి అది పెద్ద ఎత్తున అమలైంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగులు ఎవరైనా సరే, దరఖాస్తు చేయవలసింది ఈ-పాస్ వెబ్‌సైటులోనే. ఆ నిబంధనల్లో కుటుంబ వార్షికాదాయం ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షల రూపాయలు మించకూడదు. మిగిలినవారికి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. ఈ అంకెలను ప్రభుత్వాలు మారుస్తుంటాయి గనుక దరఖాస్తు చేసే ఏడాది ఒకసారి చూసుకోండి.

ఇక ఆ సహోదరి ప్రశ్న. మన సంఘాల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మొదట గిరిజన కుటుంబాల సంగతి, ఎందుకంటే అది తేలిక. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వైపు గోండు, కోలాం, నాయక్‌పోడ్, లంబాడా విశ్వాసుల్లో ఒక భయం ఉంది. బాప్తిస్మం తీసుకుంటే ఎస్టీ హోదా పోతుందని ఎవరో చెప్పారట. పోదు. షెడ్యూల్డు తెగలను నిర్ణయించే 1950 నాటి ఉత్తర్వులో మతం షరతు లేదు. క్రైస్తవుడైన గోండు గోండే. ఈ భయంతో దరఖాస్తే చేయకుండా చదువు మాన్పించిన ఇల్లు మాకు తెలుసు. అంతకంటే దుఃఖకరమైనది మాకు కనబడలేదు. సందేహముంటే ఉట్నూరులోని ఐటీడీఏ కార్యాలయంలో అడగండి.

షెడ్యూల్డు కులాల విషయం వేరు. అదే 1950లో వచ్చిన ఎస్సీ ఉత్తర్వులో మూడవ పేరా హిందువులను మాత్రమే గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఈ విషయం పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్‌ను వేసింది. ఇది అన్యాయమని మేమూ అనుకుంటాం. బాప్తిస్మపు నీళ్లతో ఊళ్లో ఎవరి వాడా మారలేదు, ఎవరి కూలీ పెరగలేదు. కాని మనకు అన్యాయమనిపించినంత మాత్రాన దరఖాస్తులో గడి మారదు.

మన రాష్ట్రంలో ఎస్సీ నుండి క్రైస్తవులైనవారు, వారి సంతానం బీసీ-సి కిందికి వస్తారు. రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్సీలకున్న 15 శాతం ముందు అది ఎంత చిన్నదో వేరే చెప్పనక్కరలేదు. అయితే సీటు రిజర్వేషన్ ఒకటి, స్కాలర్‌షిప్ మరొకటి. 1977 ఆగస్టు 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 341 ఇచ్చింది. రాజ్యాంగం ఇచ్చే రిజర్వేషన్లు కాకుండా రాష్ట్రం తనంతట తాను ఇచ్చే ఆర్థిక రాయితీలను క్రైస్తవులైన ఎస్సీలకు కూడా వర్తింపజేసిన ఉత్తర్వు అది. కౌంటర్‌లో కూర్చున్న కొత్త ఉద్యోగికి ఈ సంగతి తెలియకపోవచ్చు. బీసీ-సి పత్రం ఉన్నవారు జీవో నంబరు కాగితం మీద రాసుకొని జిల్లా ఎస్సీ అభివృద్ధి శాఖ, బీసీ సంక్షేమ శాఖ రెండింటినీ కలిసి, ఎవరి కింద నమోదు కావాలో దరఖాస్తుకు ముందే అడగండి. దీనివల్ల డబ్బులో తేడా వస్తుంది. ఇంజినీరింగ్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో పని లేకుండా పూర్తి ఫీజు వస్తుంది. బీసీలకు ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు ఉంటేనే పూర్తి ఫీజు, దాటితే 35,000 రూపాయలే. మిగిలినది తండ్రి జేబులోంచి పోవాలి.

ఆదివారం మందిరంలో, సోమవారం ఎస్సీ పత్రంతో కళాశాలలో ఉన్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. వారిని నిందించడానికి మేము కలం పట్టలేదు. ఏ గతి లేక అలా చేశారో ఎరుగుదుం. కాని తెలియవలసిన సంగతి ఒకటుంది. కులపత్రాలకు సంబంధించిన 1993 నాటి 16వ నంబరు చట్టం ప్రకారం తప్పు పత్రమని తేలితే దాన్ని రద్దు చేయవచ్చు, పొందిన లాభాన్ని వెనక్కి రాబట్టవచ్చు. ఉద్యోగం వచ్చిన పదేళ్లకు ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే అప్పుడు నష్టపోయేది ఆ బిడ్డే. బాప్తిస్మ పత్రంలో తేదీ మార్చి ఇవ్వమని మమ్మల్ని అడిగినవారున్నారు. మేము ఇవ్వలేదు. తోటి కాపరులు కూడా ఇవ్వకూడదని మా మనవి.

కులపత్రం ద్వారా ఏ రిజర్వేషనూ లేని క్రైస్తవ కుటుంబాలకు మైనారిటీ విభాగముంది. వారు కలెక్టరేట్‌లో జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారిని కలవాలి. ఒక కోర్సుకు ఒక విభాగంలోనే సహాయం దొరుకుతుంది. రెండు గడుల్లో కాలు పెట్టకండి.

పేర్ల గొడవ ఇంకొకటి. ఈ-పాస్‌లో నమోదు పదో తరగతి హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీతో మొదలవుతుంది. ఆ మెమోలో ఉన్న పేరే అక్కడ తెరుచుకుంటుంది. మన ఇళ్లలో మెమోలో లక్ష్మి, ఆధార్‌లో ఎస్తేరు, బ్యాంకులో లక్ష్మి ఎస్తేరు. ఆ ముగ్గురూ ఒకరేనని కంప్యూటర్‌కు తెలియదు. బాప్తిస్మమప్పుడు పేరు మార్చే ఆచారం మనది. మేమూ ఎందరికో పేర్లు పెట్టాం, ఆ పని కాగితాల మీద ఏమి చేస్తుందో ఆలోచించకుండా. పదో తరగతి పరీక్షకు వివరాలు పంపేటప్పుడే బడికి వెళ్లి పేరు, ఇంటిపేరు, తేదీ సరిచూడండి. పరీక్ష పాసయ్యాక మెమోలో పేరు దిద్దించడం కన్నా ఆధార్‌లో దిద్దించడం సులువు.

ఆదాయ పత్రం, కులపత్రం మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు కార్యాలయం నుండి రావాలి. ఫలితాల వారంలో అందరూ ఒకేసారి వెళ్తారు గనుక ఏప్రిల్, మే నెలల్లోనే మొదలుపెట్టండి. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరున, ఆధార్‌తో జతై ఉండాలి. ఆన్‌లైన్‌లో నింపితే పని ముగిసిందనుకోకండి. కాగితాలు కళాశాలలో ఇవ్వాలి, మీసేవలో వేలిముద్ర వేయాలి. ఈ చివరి మెట్టు మరచిపోయి డబ్బులు రాలేదని వచ్చినవారిని చాలామందిని చూశాం.

ఆదాయం హద్దు దాటినవారు, ముఖ్యంగా మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి కుటుంబాలు, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ చూడాలి. ఇంటర్ బోర్డులో పైనున్న 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు మించని వారికి డిగ్రీలో ఏటా 12,000 రూపాయలిచ్చే కేంద్ర పథకం అక్కడుంది. రాష్ట్రపు ఫీజు సహాయం పొందేవారికి అది రాదు. ఇంజినీరింగ్, డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరే ఆడపిల్లలకు ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఏటా 50,000. దానికి ఆదాయ పరిమితి 8 లక్షలు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల వరకు.

మంజూరు కావడం వేరు, డబ్బు రావడం వేరు. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కళాశాలలు కొన్ని రోజులు మూతపడ్డాయి. ప్రభుత్వం ఆలస్యం చేస్తే కళాశాల విద్యార్థి మీద పడుతుంది, ముందు మీరు కట్టండి, తరువాత చూద్దామంటుంది. కోర్సు ముగిసినా సర్టిఫికెట్లు ఇవ్వక ఆపుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లను పట్టి ఉంచకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ మాట రాతపూర్వకంగా ప్రిన్సిపాలుకు ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోండి. సంఘ నిధిలో కొంత ఇటువంటి పిల్లలకు వడ్డీ లేని చేబదులుగా పెట్టుకుంటే, ప్రభుత్వ డబ్బు వచ్చినప్పుడు తిరిగి జమ అవుతుంది. గోడకు రంగులు ఒక ఏడాది ఆగినా ఫరవాలేదు.

మమ్మల్ని అడిగిన సహోదరి పత్రాలు చూస్తే తండ్రి తరం నుండే బీసీ-సి అని ఉంది. ఆమెకు ఆ సంగతే తెలియదు. మూడుసార్లు తిరిగాక దరఖాస్తు నమోదైంది. ఈ జూన్‌లో రెన్యువల్ చేయాలి. అది ఏటా చేయాలని ఆమెకు మొన్న ఆదివారమే గుర్తు చేశాం.