విత్తనములను గాచినవారు

ఆకలి రుచి యెఱుగదని మన పెద్దలు చెప్పుదురు. అది ధర్మమును గూడ నెఱుగదనియు, కడుపు నిండి యున్నంతవఱకే మనుజుడు మనుజుడనియు వాదించువారు పలువురు. ఆ మాట వినినపుడెల్ల మాకు రష్యాదేశమందలి లెనిన్‌గ్రాడు నగరము జ్ఞప్తికి వచ్చును.

1941 సెప్టెంబరు మొదలు 1944 జనవరి వఱకు జర్మను సైన్యము ఆ నగరమును ముట్టడించెను. మొదటి శీతకాలమున నొక దశలో పెక్కుమందికి దినమునకు 125 గ్రాముల రొట్టెయే దొరకెను; అదియు కల్తీ పిండితో చేసినది. లక్షలకొలది జనులు ఆకలిచే మడిసిరి.

ఆ నగరమందే నికొలాయి వావిలోవు అను శాస్త్రజ్ఞుడు దేశదేశములు తిరిగి కూర్చిన విత్తనముల నిలయ ముండెను. గోధుమలు, వడ్లు, వేరుసెనగలు, చిక్కుళ్లు, అన్నియు తినదగినవే! (ఆయనను ప్రభుత్వము 1940లోనే నిర్బంధించెను; 1943లో చెఱసాలయందే క్షీణించి మరణించెను.) ఆయన సహచరులు మాత్రము ఒక్క గింజయు నోట వేసికొనక కావలి గాచిరి. వరి విత్తనములను గాచిన ద్మిత్రీ ఇవానోవు వేలకొలది వడ్ల పొట్లముల నడుమ ఆకలితో ప్రాణము విడిచెను. వేరుసెనగలను గాచిన ష్చూకిను, ఓట్సు ధాన్యమును గాచిన రోదినా అను స్త్రీయు నట్లే పోయిరి.

సోదరీమణులారా, ఇది మన కర్థము కాని సంగతి గాదు. విత్తనపు వడ్లను గుమ్మిలో పోసి, మూతిని పేడతో మెత్తి, ఎంత కఱవు వచ్చినను దాని జోలికి పోని అవ్వలు మన పల్లెలలో నుండిరి గదా!

ఐతే మమ్ము మిక్కిలి ఆకర్షించినది వేఱొక సంగతి. ఆ విత్తనపు గదులలోనికి ఎవరును ఒంటరిగా పోరాదని వారు నియమము చేసికొనిరి. తాము ఆకలికి అతీతులమని వారు భ్రమపడలేదు. ఆకలి బలమెఱిగి, దానికి ముందుగనే కట్ట వేసిరి. బిడ్డ పాలు ఒలుకబోసిన తోడనే చేయి యెత్తి, పిమ్మట ‘మా స్వభావమే యింత’ యని తప్పుకొనుట మాకును అలవాటే. అట్టి కట్ట యొకటి ముందే వేసికొనవలెనని ఏనాడైన తలచితిమా?

బంగాళాదుంపలు గడ్డకట్టకుండుటకై వారు దొరకిన వస్తువులను పొయ్యిలో వేసి గదిని వెచ్చగా నుంచిరి. 1942 వసంతమున, బ్రతికి మిగిలినవారు ఆ దుంపలను నేలలో నాటిరి.