ప్రజల సొమ్ముకు రాజీ కుదిర్చే హక్కు ఎవరిది?

కోనసీమలో ఒక చిన్న రైతు చనిపోయాడనుకుందాం. ఆయన పేర ఉన్న ఎకరం కొబ్బరితోట కొడుకు పేరుకు మారాలి. పట్టాదారు పాసు పుస్తకం కోసం ఆ కొడుకు మండల రెవెన్యూ కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరుగుతాడు. ఇంత ముట్టజెబితేనే గాని కాగితం కదలదని అక్కడి ఉద్యోగి ఒకనాడు తేల్చి చెబుతాడు. కొడుకు అవినీతి నిరోధక శాఖను, అంటే ఏసీబీని ఆశ్రయిస్తాడు. వారు నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూసి, ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో అతని జేబులో పెట్టి పంపుతారు. ఉద్యోగి ఆ నోట్లు అందుకున్న తర్వాత అతని వేళ్ళను సోడియం కార్బొనేటు ద్రావణంలో ముంచితే నీరు గులాబి రంగుకు తిరుగుతుంది. మర్నాడు ఫోటోతో సహా జిల్లా పత్రికలో వార్త పడుతుంది. నిందితుణ్ణి రాజమహేంద్రవరంలోని ఏసీబీ న్యాయస్థానంలో హాజరుపరిచారని అందులో ఉంటుంది. ఊళ్ళో జనం "మంచి పని అయింది" అనుకుంటారు.

రెండు మూడేళ్ళు గడిచాక అదే ఉద్యోగి మరో మండలంలో, అలాంటి కుర్చీలోనే కూర్చుని కనిపిస్తాడు. కేసు ఏమైందని అడిగితే "సెటిలైపోయిందట" అని ఎవరో అంటారు. ఎవరితో సెటిలైంది, ఎంతకు సెటిలైంది, ఏ న్యాయమూర్తి ముందు సెటిలైంది అన్నది ఎవరికీ తెలియదు. ఉభయ గోదావరి జిల్లాల్లో ఈ కథ వినని ఊరు ఉండదు. 2016లో కాకినాడలో రవాణా శాఖ ఉన్నతాధికారి ఒకరి ఇంటిపై ఏసీబీ సోదాలు జరిగినప్పుడు, ఆస్తుల విలువ గురించి పత్రికల్లో వచ్చిన అంకెలు చూసి జనం నివ్వెరపోయారు. అవి ఆరోపణలే, తీర్పు కాదు. అయినా ఆ వార్తలు చదివిన సామాన్యుని నోట వచ్చిన మొదటి మాట "చూస్తూ ఉండండి, ఇదీ సెటిలైపోతుంది" అన్నదే. ఈ అపనమ్మకానికి ఆధారమేమిటో పరిశీలించవలసి ఉంది.

నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే బేరానికి న్యాయశాస్త్రంలో ప్లీ బార్గైనింగ్ అని పేరు. అమెరికాలో అధిక భాగం క్రిమినల్ కేసులు ఈ విధంగానే ముగుస్తాయి. భారతదేశంలో మాత్రం చాలాకాలం దీనికి చోటు లేదు. 1980లో కాసంభాయి కేసులో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగానికే విరుద్ధమన్నది. తర్వాత 2005 నాటి సవరణ చట్టం ద్వారా ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ప్రవేశించి, 2006 జూలై 5 నుండి అమలులోకి వచ్చింది. 2024 జూలై 1న ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా దానిని నిలుపుకున్నది. అయితే 7 సంవత్సరాలకు మించిన శిక్ష పడగల నేరాలకూ, దేశ సాంఘికార్థిక స్థితిని దెబ్బతీసే నేరాలకూ ఇది వర్తించదు. ఆదాయానికి మించి ఆస్తులు కూడబెట్టిన అధికారికి 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 13వ సెక్షన్ క్రింద 10 సంవత్సరాల వరకు శిక్ష పడవచ్చు గనుక అతనికి ఈ దారి మూసుకుపోయినట్లే. లంచం పుచ్చుకున్నవానికి 2014 నుండి కనిష్ఠ శిక్ష 3 సంవత్సరాలు, గరిష్ఠ శిక్ష 7 సంవత్సరాలు. పైగా దేశం మొత్తం మీదనే ఈ పద్ధతిని వాడుకునేవారు బహు అరుదు. కాబట్టి గోదావరి జిల్లాల జనం "సెటిల్మెంటు" అన్నప్పుడు వారి మనసులో ఉన్నది చట్టంలోని ఈ అధ్యాయం కాదు. బేరం మరెక్కడో జరుగుతున్నది.

మొదటి చోటు సచివాలయం. ప్రభుత్వోద్యోగిపై అవినీతి నేరం క్రింద కోర్టు విచారణ మొదలు కావాలంటే, అతణ్ణి ఉద్యోగం నుండి తొలగించే అధికారం గలవారు ముందుగా అనుమతి ఇవ్వాలి. చట్టంలోని 19వ సెక్షన్ సారాంశం ఇదే. దీని ఉద్దేశం మంచిదే. నిజాయితీపరుడైన ఉద్యోగి మీద గిట్టనివారు తప్పుడు కేసులు బనాయించకుండా ఇది కాపాడుతుంది, అలాంటి ఉద్యోగులూ లేకపోలేదు. కాని ఆ కవచమే అవినీతిపరునికీ పనికివస్తున్నది. ఏసీబీ దర్యాప్తు పూర్తిచేసి నివేదిక పంపిన తర్వాత ప్రభుత్వం కోర్టుకు అనుమతి ఇవ్వక, "శాఖాపరమైన విచారణ చాలు" అని తేల్చవచ్చు. అప్పుడు కేసు న్యాయమూర్తి ఎదుటికి పోదు, పై అధికారి బల్ల మీదికి పోతుంది. ఇంక్రిమెంట్ల నిలిపివేత, అభిశంసన, రిటైరైనవానికి పెన్షన్లో కొంత కోత, ఇవన్నీ అక్కడ శిక్షలే. తెలంగాణలో ఫోరం ఫర్ గుడ్ గవర్నెన్స్ అనే పౌరసంస్థ ఏసీబీ పట్టుకున్న కేసులను ప్రభుత్వాలు ఇలా నీరుగార్చుతున్నాయని పలుమార్లు ఫిర్యాదు చేసింది. గోదావరి ఒడ్డున వినిపించే గొణుగుడు అక్కడ అర్జీ రూపం దాల్చింది, అంతే తేడా.

అనుమతి విషయం 3 నెలల్లో, అవసరమైతే మరొక నెలలో తేల్చాలని 2018 సవరణ గడువు పెట్టింది. విజయ్ రాజమోహన్ కేసులో 2022లో సుప్రీంకోర్టు ఈ గడువును తప్పనిసరి అన్నది. అయితే గడువు దాటినంత మాత్రాన కేసు కొట్టుడుపోదనీ, జాప్యం చేసిన అధికారే జవాబు చెప్పుకోవాలనీ కూడా అన్నది. ఫైలు నిద్రపోతే దాన్ని నిద్రపుచ్చినవాణ్ణి అడగవచ్చునన్నమాట. అడిగేవారు ఎందరన్నది వేరే విషయం.

రెండవ చోటు ఇంకా రహస్యమైనది. అది సాక్షి ఇల్లు. ట్రాప్ జరిగిన చాలా ఏళ్ళకు గాని విచారణ రాదు. ఈలోగా నిందితుని తరఫు పెద్దమనుషులు ఫిర్యాదుదారు వాకిట్లోకి వస్తారు. "నీ పని అయిపోయింది గదా, వాళ్ళ పిల్లల ముఖం చూడు" అంటారు. ఆ మాటలో కొంత జాలీ ఉంటుంది, కొంత బెదిరింపూ ఉంటుంది, కొన్ని సందర్భాల్లో కొంత సొమ్మూ ఉంటుంది. చివరికి బోనెక్కిన ఫిర్యాదుదారు అడ్డం తిరుగుతాడు. తనను ఎవరూ లంచం అడగలేదని చెబుతాడు.

ఇలా సాక్షి లేకుండా పోయినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నపై దేశానికంతటికీ వర్తించే న్యాయసూత్రాలు మూడు ఆంధ్రప్రదేశ్ కేసుల నుండే పుట్టాయి. మొదటిది ఎం. నరసింగరావు కేసు. ఆదిలాబాద్ జిల్లా లక్సెట్టిపేట పాల శీతలీకరణ కేంద్రం మేనేజరు మీద 1989లో నమోదైన కేసు అది. ఫిర్యాదుదారు అడ్డం తిరిగినా, దొరికిన డబ్బును, పరిస్థితులను బట్టి లంచమేనని ఊహించవచ్చునని 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. రెండవది బి. జయరాజ్ కేసు. 1995లో ఒక చౌకధరల దుకాణదారు నుండి 250 రూపాయలు పుచ్చుకున్నారని ఒక మండల రెవెన్యూ అధికారి మీద వచ్చిన ఆరోపణ. ఆ దుకాణదారు కోర్టులో మాట మార్చాడు. నోట్లు దొరికినంత మాత్రాన చాలదు, అడిగినట్లు రుజువు కావాలి అని 2014లో సుప్రీంకోర్టు ఆ అధికారిని నిర్దోషిగా వదిలింది. మూడవది పి. సత్యనారాయణ మూర్తి కేసు. అందులో విచారణ రాకముందే ఫిర్యాదుదారు కన్నుమూశాడు. 2015లో అక్కడా నిందితుడు విడుదలయ్యాడు. ఈ ఇద్దరూ నిజంగా నిరపరాధులే కావచ్చు, రుజువు లేనిచోట శిక్ష వేయరాదన్నది ఎవరూ కాదనలేని సూత్రం. కాని ఈ తీర్పుల వల్ల అడ్డం తిరిగే సాక్షికి ధర పెరిగిందన్న మాటా నిజం. అతని ఒక్క వాక్యం మీద కేసంతా ఆధారపడినప్పుడు, ఆ వాక్యాన్ని కొనేవాడు ఎంతైనా పెడతాడు.

ఈ భిన్నాభిప్రాయాన్ని తేల్చడానికి ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కూర్చున్నది. దానికి అధ్యక్షత వహించినవారు జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్. ఆయనే 2023 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. 2022 డిసెంబరు 15న నీరజ్ దత్తా కేసులో జస్టిస్ బి.వి. నాగరత్న రాసిన తీర్పు ప్రకారం, ఫిర్యాదుదారు చనిపోయినా, అడ్డం తిరిగినా, సాక్ష్యానికి అందకపోయినా కేసు దానంతటది కూలిపోదు. ఇతర సాక్షుల ద్వారా, పరిస్థితుల ద్వారా లంచం అడిగిన సంగతి రుజువు చేయవచ్చు. అంటే వాకిట్లోని రాజీకి విలువ కొంతవరకు తగ్గింది.

ఇప్పుడు బహిరంగంగా జరిగిన ఒక బేరాన్ని చూడాలి. పాకిస్తాన్‌లో 1999 నాటి జవాబుదారీ ఆర్డినెన్సు 25వ సెక్షన్ ప్రకారం, నిందితుడు సొమ్ము తిరిగి కట్టి కేసు నుండి బయటపడవచ్చు. 2016 మే నెలలో బలూచిస్తాన్ ఆర్థిక కార్యదర్శి ముష్తాక్ రయీసానీ ఇంట్లో ఆ దేశపు రూపాయల్లో 65 కోట్లకు పైగా నగదు దొరికింది. అదే సంవత్సరం డిసెంబరులో 200 కోట్లకు రాజీని జవాబుదారీ బ్యూరో ఆమోదించింది. దేశమంతా భగ్గుమన్నది. పెద్ద దొంగకు పెద్ద రసీదు ఇచ్చారని జనం ఎద్దేవా చేశారు. 2017 జనవరిలో ప్రభుత్వం మరో ఆర్డినెన్సు తెచ్చి, రాజీకి కోర్టు ఆమోదం కావాలనీ, రాజీ పడినవారు జీవితాంతం ప్రభుత్వ పదవులకు అనర్హులనీ నిర్ణయించవలసి వచ్చింది. అమెరికాలో 1973 అక్టోబరు 10న ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ కాంట్రాక్టర్ల నుండి డబ్బు పుచ్చుకున్నాడన్న ఆరోపణల మధ్య పదవి వదలి, ఒక్క పన్ను ఎగవేత అభియోగానికి ఎదురు చెప్పక, 10,000 డాలర్ల జరిమానాతో, జైలు లేకుండా ఇంటికి పోయాడు. అక్కడితో కథ ముగియలేదు. మేరీలాండ్ రాష్ట్ర పన్ను చెల్లింపుదారులు కొందరు మొదలుపెట్టిన సివిల్ దావాలో 1981లో న్యాయస్థానం ఆయన దాదాపు రెండున్నర లక్షల డాలర్లు రాష్ట్రానికి కట్టాలన్నది.

ఈ రెండు రాజీలూ నిందార్హమైనవే. అయినా వాటిలో ఒక అంకె కాగితం మీద ఉన్నది. కోపం తెచ్చుకున్నవానికి దేని మీద కోపమో తెలుసు, ఆ కోపం చట్టాన్ని కదిలించగలిగింది. కోనసీమ రైతు కొడుకుకు ఆ పాటి సదుపాయం కూడా లేదు. అతని కేసు ఏ బల్ల దగ్గర ఆగిందో, ఎందుకు ఆగిందో అతనికే తెలియదు.

ఇస్లామీయ న్యాయశాస్త్రం ఈ విషయంలో మొదట అడిగేది శిక్ష ఎంత అని కాదు, క్షమించేవాడు ఎవడు అని. లంచానికి షరీఅత్ నిర్ణీత శిక్షను విధించలేదు. అది తాజీర్ కోవలోనిది, న్యాయమూర్తి విచక్షణకు వదిలిన నేరం. కాబట్టి తక్కువ శిక్ష పడినంత మాత్రాన అధర్మం జరిగిందనడానికి వీలులేదు. కాని సఫ్వాన్ బిన్ ఉమయ్య (రజి) దుప్పటి ఉదంతం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. దుప్పటి దొంగిలించినవాడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, శిక్ష ఖరారయ్యాక, సఫ్వాన్ మనసు కరిగి ఆ దుప్పటిని అతనికే ఇచ్చివేస్తానన్నారు. తన వద్దకు తీసుకురాక ముందే ఆ పని ఎందుకు చేయలేదని దైవప్రవక్త (స) ప్రశ్నించారు. సొంత వస్తువును సొంతదారు క్షమించవచ్చు, దానికీ ఒక సమయం ఉన్నది. ఇక ప్రజల సొమ్ముకు ఏ ఒక్కరూ సొంతదారు కారు గదా! మఖ్జూమ్ వంశపు స్త్రీ దొంగతనం చేసినప్పుడు ఉసామా (రజి) వంటి ఆప్తుని సిఫారసు సైతం చెల్లలేదు. గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించడమే పూర్వ జాతుల పతనానికి కారణమని ఆ సందర్భంలోనే వివరించారు.

హజ్రత్ ఉమర్ (రజి) పరిపాలనలో గవర్నర్లను నియమించేటప్పుడే వారి ఆస్తుల వివరాలు రాయించుకునేవారనీ, పదవిలో ఉండగా సంపద పెరిగిన కొందరి నుండి సగం భాగాన్ని బైతుల్‌మాల్‌కు జమ చేయించారనీ చరిత్రకారులు రాశారు. ఆలోచిస్తే అదీ ఒక విధమైన రాజీయే. సగం వదిలిపెట్టడమంటే మరేమిటి? అయితే అది ఖలీఫా స్వయంగా, అందరికీ తెలిసేలా చేసినది. వచ్చిన సొమ్ము ప్రజల ఖజానాకు చేరింది, ఏ మధ్యవర్తి జేబులోకీ పోలేదు.

ఇక ఆ రైతు కొడుకు మాట. లంచం అడిగిన రోజున అతడు ఫిర్యాదు చేయక ఊరుకుని ఉంటే అది అతని ఇష్టం. ఫిర్యాదు చేసి, నీరు గులాబి రంగుకు తిరిగాక, ఆ కేసు అతని ఒక్కనిదీ కాదు. ఆ కార్యాలయం మెట్లెక్కే ప్రతివానిదీ. పెద్దమనుషులు వాకిట్లోకి వచ్చినప్పుడు అతడు చెప్పదగిన జవాబు ఇదే. దానికి చట్టం కొంత బలమూ ఇస్తున్నది. ఫిర్యాదుదారు వాంగ్మూలాన్ని ముందుగానే మెజిస్ట్రేట్ ఎదుట నమోదు చేయించవచ్చు. అలా నమోదైన తర్వాత కోర్టులో మాట మార్చేవాడు అబద్ధపు సాక్ష్యం కేసును ఎదుర్కోవలసి రావచ్చు. ప్రాసిక్యూషన్ అనుమతి కోసం ఫైలు ఏ తేదీన పోయిందో, నాలుగు నెలలు దాటినా ఎందుకు తేలలేదో 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అడిగే హక్కు అతనికే కాదు, ఆ మండలంలోని ఏ పౌరునికైనా ఉన్నది. దరఖాస్తు రుసుము పది రూపాయలు.